దేవుడికి పరిచిన రుమాలు

నిన్న రేపల్లె బస్సులో ఎవరో కిటికీలోంచి సీటు మీదకు రుమాలు విసిరారు. నాకు నాయనమ్మ గుర్తొచ్చింది.

"దేవుడు కనపడడమ్మా, కానీ ఎప్పుడూ మన పక్కనే ఉంటాడు" అని ఇంట్లో ప్రార్థన అయ్యాక రోజూ చెప్పేది. అందుకే నా ఆరో ఏట, తెనాలిలో నాయనమ్మతో రైలెక్కగానే నా పక్క సీటు మీద రుమాలు పరిచాను.

వేమూరులో కూరగాయల గంపతో ఒకావిడ ఎక్కి, "కాస్త జరుగు తల్లీ" అంది.

"ఇక్కడ దేవుడున్నాడండి" అన్నాను.

అందరూ నవ్వారు. నాయనమ్మ నవ్వలేదు. రుమాలు తీసి నా చేతిలో పెట్టింది.

"ఆవిడ్ని చూసి ఆయనే లేచాడులే. కూర్చోనీ."

నిలబడ్డ దేవుడికి కాళ్లు నొప్పెడతాయేమోనని రేపల్లె దాకా నాకు ఒకటే దిగులు.

ఇప్పటికీ ఎవరైనా నిలబడి ఉంటే నాకు కూర్చోబుద్ధి కాదు.