పది సెంటీమీటర్లు, రెండుసార్లు

2022 జూలై 16, శనివారం, ఉదయం తొమ్మిది గంటల ఇరవై నిమిషాలు. పడమటి గాలి, సన్నని తుంపర. ఆ రోజుల్లో నాకు అరవై ఏళ్లే. అరవైని యవ్వనమంటారా అని పాఠకులు నవ్వవచ్చు గానీ, జూన్ 30న ఉద్యోగ విరమణ చేసినవాణ్ణి కనుక, విశ్రాంత జీవితంలో నేనప్పటికి పదహారు రోజుల పసివాణ్ణి. ఆ వయసు తప్పులను ఆ వయసుకే వదిలేయాలి.

నా చెల్లెలి కూతురు, ఇంకా కట్టని ఇళ్లను కట్టినట్టే చూపించే కదిలే బొమ్మలు కంప్యూటర్‌లో తయారుచేస్తుంది. బెంగళూరు సంస్థ ఒకటి ఆమెను పనిలోకి తీసుకుంటూ ఒక షరతు పెట్టింది. సోమవారం ఉదయం పదింటిలోగా ఒక ఇంటి బొమ్మను సొంత మిషన్ మీద పూర్తిచేసి పంపితే, ఇకపై ఇంటినుంచే పని. గడువు తప్పితే రోజూ తెల్లవారకముందే మారికుప్పంలో రైలెక్కి బెంగళూరు ఆఫీసుకు వెళ్లాలి. అందుకని ఒక్కొక్క భాగాన్నీ తానే ఎంచి, తానే కంప్యూటర్ కూర్చుకుంటానంది. పగలు పనికి, సాయంత్రం కార్ల పందేల ఆటకు. "రెండు మిషన్లెందుకు మామా? దున్నే ఎద్దే బండీ లాగాల" అంది.

భాగాలన్నీ అమర్చే పెట్టె ముందే వచ్చింది. బొమ్మల భారమంతా మోసే గ్రాఫిక్స్ కార్డు అందులో ఎంత పొడవుది పడుతుందో కొలిచే బాధ్యత నాది. నా టేపు బంగారు గని సర్వే ఆఫీసు నాటిది. దాని తల అరిగిపోయింది. కనుక మా ఆఫీసు పద్ధతి ప్రకారం పదో గీత దగ్గర మొదలుపెట్టి, వచ్చిన అంకెలోంచి పది తీసేయాలి. (గని మూతపడింది గానీ, పద్ధతి మూతపడలేదు. ఆ తర్వాత చేరిన వేమగల్ ఫ్యాక్టరీలోనూ నేను అలాగే కొలిచాను. చూసి నవ్వినవాళ్లున్నారు, కొలత తప్పిందన్నవారు లేరు.) చిన్నప్పటి నుంచీ ఆ టేపు రెండో కొస పట్టుకుని పెరిగిన పిల్ల మా మేనకోడలు. ఆమె కాఫీ కలుపుతుండగా కొలిచి, 33 అని చీటీ మీద రాసి, తేదీ, సమయం వేసి, సంతకం చేసి ఇచ్చాను.

రాబర్ట్‌సన్‌పేటలో మేం వెళ్లిన అంగడి యజమానిని ఊరంతా స్క్రూ అన్న అంటారు. ఆమె భాగాలను ఎంచిన తీరు చూసి తీరాలి. మెరిసే దీపాలున్న వాటిని పక్కకు నెట్టి, ఒకదానికొకటి సరిపోతుందా, వేడి తట్టుకుంటుందా అని మాత్రమే అడిగింది. మా సర్వే అధికారి కూడా సొరంగం గురించి అంత పొదుపుగా ప్రశ్నలు వేయలేదు. నేను అవతలి గోడ దగ్గర నిలబడి, పెట్టెల మీది తయారీ తేదీలను కాగితం మీద ఎక్కించుకుంటున్నాను.

"పెద్దాయనా, అవి ఊరగాయ జాడీలు కాదప్పా, చెడిపోయేదానికి" అన్నాడు స్క్రూ అన్న. నేను మరింత శ్రద్ధగా రాసుకున్నాను. ఆ శ్రద్ధలోనే ఈ కింది సంభాషణ నా చెవిన పడలేదు. తర్వాత వారిద్దరూ చెప్పగా రాస్తున్నాను.

"నీ పనికి ఈ ముప్పై సెంటీమీటర్లదే సరి అమ్మా."

"పట్టదన్నా. ఇరవై మూడే చోటు ఉండాది."

"అంత తక్కువా? ఇంగోసారి చూడకూడదా?"

"మామ కొలిచినాడు. ఇంగ చూసేదేముండాది?"

పొట్టి కార్డుతో ఇంటికి వచ్చాం. మధ్యాహ్నం మూడింటికి మిషన్ నడిచింది. బిగించిన మరలు పద్దెనిమిది, ఒక్కటీ మిగలలేదు. కానీ ఆ పొట్టి కార్డు బలానికి బొమ్మ పూర్తికావడానికి అరవై ఎనిమిది గంటలు పడుతుందని తెర చూపించింది. గడువుకు మిగిలినవి నలభై మూడు.

"ఇంగ రైలే మామా" అంది ఆమె, తెర వంకే చూస్తూ.

ఏదో ఒకటి చేయాలి కనుక, మిషన్ ఆపించి పెట్టెలోకి తొంగిచూశాను. కార్డు చివర నా అరచెయ్యి హాయిగా పట్టింది.

"ఇంత చోటు పెట్టుకుని పొట్టిది ఎందుకు తెచ్చినావు పాపా?"

"నువ్వు ముప్పై మూడు రాసిస్తివి. పది తీసేస్తే ఇరవై మూడే గదా?"

"నేను తీసే గదా రాసినాను."

ఇద్దరం టేపు వంక చూశాం. "నేనూ తీసినాను మామా" అని ఆమె నవ్వడం మొదలుపెట్టింది. ఒక్క నిష్ఠూరపు మాట లేదు. రైలు నెత్తిమీదికి వచ్చినప్పుడు అలా నవ్వగల మనిషిని నా సర్వీసులో నేను చూడలేదు.

కార్డు సంచిలో పెట్టుకుని తుంపరలోనే మళ్లీ వెళ్లాం. పొడుగు కార్డు గల్లాపెట్టె పక్కనే మా కోసం ఎత్తిపెట్టి ఉంది.

"మా నాయన కూడా మీ ఆఫీసులో టేపు పట్టినోడే సార్. ఇరవై మూడు అనంగానే అనుమానం వచ్చింది, పది యాడో రెండు తూర్లు పోయిందని."

"అప్పుడే చెప్పవచ్చు గదా?"

"ఈ పాపతో మీ కొలత తప్పని చెప్పి, నేను అంగడి నడిపేదెట్ల సార్?" అని కార్డు మార్చి ఇచ్చాడు.

సాయంత్రం ఐదు నలభైకి మొదలైన బొమ్మ సోమవారం ఉదయం ఆరు పదికి పూర్తయింది. తర్వాత ఆమె నాకొక కొత్త టేపు కొనిపెట్టింది. తల నిక్షేపంగా ఉంది. నేను ఇప్పటికీ పదో గీత దగ్గరే మొదలుపెడతాను. "పది తీసినావా మామా?" అని ఆమె అడుగుతుంది, నేను తీశానంటాను. ఆ పదహారు రోజుల పసివాడు చీటీ మీద సంతకం పెట్టాడే గానీ, ఆ ఒక్క మాట రాయడం మరిచాడు.

రెండేళ్లకు ఆమె రాబర్ట్‌సన్‌పేటలోనే సొంత ఆఫీసు తెరిచింది. అప్పటివరకు ఇంటినుంచి పనిచేసిన రోజులు నాలుగు వందల తొంభై రెండు. ఆమె ఎక్కనక్కరలేకపోయిన రైళ్లు, రానూ పోనూ కలిపి, తొమ్మిది వందల ఎనభై నాలుగు.