ఇసుక గిన్నెలో సోడా కేకు

సముద్రపు ఇసుక పొయ్యి మీద కాగితే ఒక వాసన వస్తుంది. ముందు ఉప్పగా ఉంటుంది, తరవాత ఎండుచేపల బుట్ట మూత తీసినట్టు గుప్పుమంటుంది, ఆ తరవాత ఏ వాసనా లేకుండా వేడి ఒక్కటే మిగులుతుంది. అప్పుడు వెన్న, పంచదార, గుడ్లు, నిమ్మసోడా కలిపిన పిండిని అందులో దించి మూత పెడితే, కాసేపటికి ఇల్లంతా పెళ్లింటిలా అయిపోతుంది. ఇవాళ పొద్దున్నే ఇసుక గిన్నె పొయ్యి మీద పెట్టాను. నేను చెబుతుంటే మా పెద్దమ్మ మనవరాలు పక్కన పీట మీద కూర్చుని రాస్తోంది. నాకు రెండు పేర్లు రాయడం వచ్చు, అంతకు మించి రాదు. ఒకటి నా పేరు, మేరీ. రెండోది ముంతాజ్.

రెండువేల రెండులో, ఊహ తెలుస్తున్న వయసులో, అమ్మా నేనూ దుబాయ్ వెళ్లాం. నాన్న అప్పటికే సత్వాలో ఒక బట్టల కొట్టులో దర్జీ. మేం వెళ్లిన కొన్నాళ్లకే ఆ కొట్టు మూతపడి, నాన్నకి వీసా ఇచ్చిన కఫీల్ ఎటో వెళ్లిపోయాడు, మా కాగితాలు చెల్లకుండా పోయాయి. అలా కాగితాలు లేకుండా ఉండిపోయినవాళ్లని అక్కడ ఖల్లివల్లి అంటారు. నాన్న దొంగచాటుగా కుట్టుపని చేసేవాడు, అమ్మ నాలుగిళ్లలో పాచిపని చేసేది. కాగితాలు లేని పిల్లకి బడి ఉండదు కాబట్టి నేను ఇంట్లోనే ఉండేదాన్ని. ఇల్లంటే ఇల్లు కాదు. ఒక పాత విల్లాని ప్లైవుడ్ చెక్కలతో గదులుగా కోసి, గదికో కుటుంబాన్నో, గదికి ఆరుగురు మగాళ్లనో పెట్టారు. వంటగది అందరికీ ఒకటే. గేటు దగ్గర కాపలాకి ఖాన్ చాచా అనే పెషావరు ముసలాయన, హెన్నా పెట్టిన ఎర్రటి గడ్డంతో, కాళ్లు పైకి పెట్టుకుని కుర్చీలో కూర్చునేవాడు.

ఆ ఇంట్లో పగలు మాట పైకి రాకూడదు. ఆడవాళ్లూ పిల్లలూ ఉంటున్నారని బయటికి తెలిస్తే ఎవరో ఒకరు వస్తారు, అడుగుతారు, అందరం పోతాం. అందుకని మగవాళ్లు పనులకి వెళ్లింది మొదలు సాయంత్రం తిరిగొచ్చేవరకూ ఇల్లు ఖాళీగా ఉన్నట్టే ఉండాలి. చెప్పులు విడిచి నడిచేవాళ్లం, గిన్నె కింద గుడ్డ వేసి దించేవాళ్లం, దగ్గు వస్తే దిండులో మొహం పెట్టుకునేవాళ్లం. పిల్లలం చెప్పుకొనే మాటలన్నీ గొంతులో గాలితోనే. అరుపుల్లేని అష్టాచెమ్మా, చప్పట్లు కొట్టని దాగుడుమూతలు, నవ్వొస్తే చెయ్యి కొరుక్కునే ఆటలు మావి. ఇప్పటికీ నా గొంతు ఇలా గీరుకుపోయి ఉంటుందంటే, చిన్నప్పుడు దాన్ని వాడనివ్వకపోవడం వల్లనే అనుకుంటాను.

పక్కగది ముంతాజ్‌ది. వాళ్లది కడప వైపు. వాళ్ల నాన్న మస్తాన్‌ది కార్ల సీట్లు కుట్టే షెడ్డులో పని, వాళ్లకీ మాలాగే కాగితాలు లేవు. అది నాకంటే ఏడాది పెద్దది. ఊళ్లో రెండో తరగతిదాకా చదివి వచ్చింది కాబట్టి చపాతీపిండి పళ్లెంలో పరిచి వేలితో నాకు అక్షరాలు నేర్పేది. ముందు దాని పేరే నేర్పింది. "నీ పేరు యాడికీ పోదులేమే, ముందు నాది నేర్సుకో" అని. మా రెండు గదులకీ మధ్య ఉన్నది ప్లైవుడ్ ఒక్కటే. మా మంచం ఇటు, వాళ్ల మంచం అటు. అది చెక్క మీద గోటితో టక్ టక్ మని రెండు కొడితే, ఉండావా అని అడిగినట్టు. నేను ఒక్కటి కొడితే, ఉన్నానని చెప్పినట్టు. నాకు మెలకువ వచ్చిందంటే మొదట వినిపించేది ఆ చప్పుడే. నాన్న ఎప్పుడైనా పట్టుబడతాడేమో, అమ్మ పని నుంచి రాదేమో అని గుబులుగా ఉన్నప్పుడు కూడా ఆ రెండు టక్కులు వినిపిస్తే చాలు, కడుపులో చల్లగా ఉండేది.

ఎండాకాలంలో కుళాయి తిప్పితే నీళ్లు కాగి వచ్చేవి. బకెట్లు పట్టి గది మూల పెట్టుకుని, చల్లారాక స్నానం చేసేవాళ్లం. చలికాలంలో పొద్దున పొగమంచు పడితే ఖాన్ చాచా గడ్డం ఒక్కటే కనిపించేది. రంజాన్ నెలలో సాయంత్రాలు మసీదు దగ్గర పంచే పొట్లాలు ముంతాజ్ నాన్న తెచ్చేవాడు. ఖర్జూరాలు, మజ్జిగ సీసా, మాంసం వేసి జావలా ఉడికించిన గోధుమ హరీస్. ఆ హరీస్ మీద నెయ్యి పేరుకునే లోపలే ఇద్దరం వేళ్లు పెట్టేవాళ్లం. క్రిస్మస్‌కి అమ్మ అరిసెలు వత్తి, నూనె చుయ్యిమంటే గుండె ఝల్లుమని, మంట తగ్గించి తగ్గించి వేయించేది. పాట పాడకూడదు కాబట్టి మేం పెదాలు మాత్రం కదిపేవాళ్లం. ముంతాజ్ వాళ్లమ్మ ఖైరూన్ అత్త గుమ్మంలో నిలబడి చూసి, "మీ యేసుప్రభువుకి చెవులు బాగానే ఇనిపిస్తాయిలే వదినా" అని అమ్మని ఆటపట్టించేది.

అమ్మ పనిచేసే ఇళ్లలో ఒకటి అమెరికా మేడమ్‌ది. ఆవిడది ఆ దేశంలో దక్షిణాన ఏదో పల్లెటూరట. నల్లగా, నిండుగా ఉండి, వంట చేస్తూ చర్చి పాటలు పాడుకునేదట. మనసు బాగున్న రోజున ఆవిడ ఒక కేకు చేసేది. అమ్మ వచ్చి ఆ వైనం చెబుతుంటే ఇద్దరం నోళ్లు తెరుచుకుని వినేవాళ్లం. చారెడు వెన్నా చిటికెడు పంచదారా కాదు, వెన్న దిమ్మకి దిమ్మ, పంచదార కప్పుల కొద్దీ, గుడ్లు ఒకటి తరవాత ఒకటి, పొంగడానికి వంటసోడా గట్రా ఏమీ లేదు, చివర్లో నిమ్మ వాసన వేసే తాగే సోడా ఒక గ్లాసుడు పోయడమే. అమ్మ కొంగులో దాచి తెచ్చిన ముక్క పైన పెచ్చులా కరకరమనేది, లోపల తడిగా బరువుగా ఉండేది, మింగాక కూడా నాలుక మీద సోడా చురుక్కుమన్నట్టే ఉండేది. ముంతాజ్ ఆ ముక్కని చీమలా కొరుక్కుని తింటూ ఒకరోజు అంది:

"నేను పుట్టినరోజు ఎప్పుడూ చేసుకోలే. మాలో చెయ్యరు. ఒక్కసారి మాత్రం చెయ్యాలనుండాది. ఈ కేకుతోనే. ముక్క గాదు, గుండ్రంగా మొత్తం నా ముందర పెట్టల్ల."

"నేను పెడతాగా," అన్నాను.

ఆ మాట అమ్మ విన్నది. మేడమ్ దగ్గర నడుమ గొట్టం ఉన్న పాత కేకు గిన్నె ఒకటి అడిగి తెచ్చి మంచం కింద పెట్టింది. ముంతాజ్ పుట్టినరోజు ఎండాకాలం నడుమ వస్తుంది. అప్పటిదాకా ఇద్దరం రోజూ వంగి ఆ గిన్నెని చూసుకునేవాళ్లం.

ఆ ఎండల్లోనే, కాగితాలు లేనివాళ్లు శిక్ష లేకుండా దేశం విడిచి పోవచ్చని సర్కారు చెప్పింది. ముంతాజ్ నాన్న వెళ్లి వరసలో నిలబడ్డాడు. మా నాన్న ఇంకొక్క ఏడాది చూద్దామన్నాడు. వాళ్లకి టిక్కెట్లు దొరికాయి, సరిగ్గా పుట్టినరోజుకి వారం ముందు, మధ్యాహ్నం విమానానికి. ముందురోజు సాయంత్రం ఆ సంగతి తెలిసింది. నేను ఏడవలేదు, ఏడిస్తే చప్పుడవుతుంది. అమ్మే అంది, "పుట్టిన్రోజు రేపే చేసేద్దావే. దానికేం తెలుస్తాది వారం ముందో ఎనకో."

మర్నాడు మగవాళ్లు పనులకి వెళ్లగానే మొదలుపెట్టాం. వెన్నా పంచదారా తెల్లబడేవరకూ ముంతాజ్ కాసేపు, నేను కాసేపు గరిటె తిప్పాం. గిన్నెకి గరిటె తగిలి మోగకుండా కొనకి గుడ్డ చుట్టి తిప్పాం. చివర్లో అమ్మ సోడా పోస్తుంటే ముంతాజ్ గిన్నె మీదకి చెవి వంచింది. "చుస్సుమంటాండాదే, ఏదో చెప్తాండాది" అని గొంతులో గాలితో నవ్వింది. పొయ్యి సంగతి అమ్మ ముందే ఆలోచించుకుంది. మా గోదావరి జిల్లాలో ఓవెన్ లేని ఇళ్లలో క్రిస్మస్ కేకు ఇసుకలోనే కదా. పెద్ద అల్యూమినియం గిన్నెలో ఏటి ఇసుక పోసి కాచి, అందులో పిండి గిన్నె దించి మూత పెట్టడమే. ఎక్కడ చూసినా ఇసుకే ఉన్న ఊళ్లో ఇసుకకేం కొదవ అనుకుని, అమ్మ పని నుంచి వస్తూ జుమేరా సముద్రపొడ్డున సంచిలో నింపుకొచ్చి డాబా మీద ఆరబోసింది. అది జల్లించలేదు. ఏటి ఇసుకకి జల్లెడ అక్కర్లేదు మరి.

మూత పెట్టిన కాసేపటికి గిన్నెలో టక్ మంది. తరవాత టక్ టక్. తరవాత పేలాలు వేయించినట్టు పటపటా మొదలైంది. ఇసుకలో గవ్వల ముక్కలున్నాయి, కాగి పగులుతున్నాయి. సూది పడితే వినబడే ఆ ఇంట్లో అది తుపాకుల మోతలా ఉంది. అమ్మ మూత మీద తుండు వేసి, దాని మీద దుప్పటి మడిచి వేసి రెండు చేతులతో అదుముకుంది. గదుల్లో ఆడవాళ్లు చప్పుడు కాకుండా గడియలు వేసుకున్నారు. ఆపేస్తే కేకు అడుగంటి ముద్దవుతుంది, ఆపకపోతే వీధికి వినబడుతుంది. అమ్మ చెయ్యి పొయ్యి మీట దాకా వెళ్లింది. ముంతాజ్ గోడకి ఆనుకుని ఆ చేతినే చూస్తూ నిలబడింది.

ఖాన్ చాచా కర్ర పట్టుకుని వంటగదిలోకి వచ్చేశాడు. "క్యా ఫట్ రహా హై?" అన్నాడు, ఏం పేలుతోందని, గొంతు తగ్గించి.

"కేక్ హై చాచా," అన్నాను. "ముంతాజ్ కా."

ఆయన గిన్నెనీ, దుప్పటినీ, అమ్మనీ చూశాడు, వాసన పీల్చాడు. ముంతాజ్ తల మీద చెయ్యి వేసి, బయటికి వెళ్లిపోయాడు. కాసేపటికి గేటు దగ్గర దడదడమని చప్పుడు మొదలైంది. ముసలాయన ఎర్రటి ఎండలో నిలబడి, బాగానే ఉన్న గేటు కీలుని సుత్తితో కొడుతున్నాడు. కేకు అయ్యేవరకూ కొడుతూనే ఉన్నాడు. ఆ చప్పుడు చాటున, ఆ ఇంట్లో మొట్టమొదటిసారి మేమిద్దరం పెద్దగా నవ్వాం. నోరు తెరిచి, గొంతుతో. దాని అసలు గొంతు అంత బరువుగా ఉంటుందని నాకు ఆవేళే తెలిసింది.

కేకు బంగారు రంగులో పొంగి వచ్చింది. కానీ ఆ కేకుని వేడి మీద గిన్నెలోంచి తియ్యకూడదు. గిన్నె మీద అరచెయ్యి ఆనించగలిగినంత చల్లారాకే బోర్లించాలని మేడమ్ చెప్పిందట. మేం దాని చుట్టూ కూర్చున్నాం. అట్టముక్కతో విసిరాం. ఖైరూన్ అత్త బుర్ఖా వేసుకుని పెట్టెల దగ్గర నిలబడింది. ముంతాజ్ గిన్నె మీద చెయ్యి పెట్టడం, చురుక్కుమని తియ్యడం, మళ్లీ పెట్టడం. ఇంతలో గేటు బయట టాక్సీ హారన్ మోగింది. "యల్లా, యల్లా" అంటూ వాళ్ల నాన్న పెట్టెలు ఎత్తుతున్నాడు.

"ఇంకొంచెం సేపన్నయ్యా," అంది అమ్మ.

"బండి నిలబడదు చెల్లెమ్మా."

అమ్మ గుడ్డతో పట్టుకుని పళ్లెంలో బోర్లించింది. సగం కేకు పళ్లెంలోకి జారింది, సగం గిన్నెకే పట్టుకుని ఉండిపోయింది. ముంతాజ్ పళ్లెంలోకి చూసింది, గిన్నెలోకి చూసింది. గుండ్రంగా మొత్తం దాని ముందర పెడతానన్నది నేను.

"ఇది నాది," అంది పళ్లెంలో సగం చూపించి. "అది నీది. వచ్చే పుట్టినరోజుకి మొత్తం చేద్దాంలే మే."

అమ్మ దాని సగాన్ని ఖుబ్బూస్ రొట్టెలొచ్చిన సంచిలో చుట్టి దాని చేతిలో పెట్టింది. ఆవిరికి సంచి లోపల తెల్లగా మసకేసింది. టాక్సీ కదులుతుంటే ముంతాజ్ అద్దం మీద గోటితో రెండు కొట్టడం గేటు సందులోంచి చూశాను. అద్దం మూసి ఉంది, చప్పుడు రాలేదు. నేను గేటు రేకు మీద ఒకటి కొట్టాను.

నా సగాన్ని గిన్నెలోంచి చెంచాతో గీరుకుని తిన్నాను.

కొన్నాళ్లకి ఒక సాయంత్రం ప్లైవుడ్ అవతల ఏదో కదిలినట్టయి, ఒళ్లు తెలియక రెండు కొట్టాను. "కౌన్ హై బే?" అని ఎవరిదో మగ గొంతు అరిచింది. కొత్తగా దిగిన మేస్త్రీలు. నేను మంచం ఇటు జరుపుకున్నాను.

మరుసటి ఏడు ఆ వరస విల్లాలన్నీ పడగొడతారని గోడల మీద రంగుతో అంకెలు వేశారు. నాన్న నానా తిప్పలూ పడి మమ్మల్ని ఇంటికి తెచ్చాడు. సామాన్లు సర్దుతూ అమ్మ ఆ ఇసుకని పాలపొడి డబ్బాలో పోసి పెట్టెలో పెట్టింది. "ఇసక మోసుకెళ్తావేటే?" అని నాన్న నవ్వితే, "ఆ కేకుకి అలవాటు పడిందిలే" అంది. ముంతాజ్ వాళ్లది కడప వైపని తెలుసు కానీ ఊరి పేరు మాకు తెలియదు. వాళ్ల నాన్న ఫోను అక్కడిది, అక్కడే పోయింది. కడప నుంచి ఎవరొచ్చారన్నా అమ్మ అడిగేది. సీట్లు కుట్టే మస్తానంటే ఊరికి పదిమంది ఉంటారని వాళ్లు నవ్వేవారు.

నాకు పెళ్లయ్యాక మా ఆయన అబుదాబి పక్కన ముసఫ్ఫాలో, ఐకాడ్ అనే ఫ్యాక్టరీల వాడకి పనికి వెళ్లాడు. ఒక శుక్రవారం నా మాట మీద బస్సెక్కి సత్వా వెళ్లి, అక్కడి నుంచే ఫోను చేశాడు. "నువ్వు చెప్పిన చోటే ఉన్నానే. గోడల్లేవు, గేటూ లేదు. ఉత్త ఇసకే ఉంది," అన్నాడు. "కొంచెం తేనా?" అన్నాడు నవ్వించడానికి. ఆయన తేలేదు. తరవాతి ఎండల్లో కూలీల క్యాంపులో పడుకున్నవాడు పడుకున్నట్టే పోయాడు. పెట్టెలో వచ్చాడు.

అప్పటి నుంచీ ఏటా ముంతాజ్ పుట్టినరోజుకి ఈ కేకు చేస్తున్నాను. వద్దని అందరూ అన్నారు, విధవకి పుట్టినరోజులేమిటని మా అత్తగారూ అంది. కానీ గిన్నె కాగేసరికి లోపల ఎక్కడో మిగిలిన గవ్వ ముక్క టక్ మనేది. ఒక్కోసారి టక్ టక్ మనేది. నేను చేస్తున్న పని ఆపి మూత మీద గోటితో ఒకటి కొట్టేదాన్ని. ఏడాదికేడాది ఆ చప్పుళ్లు తగ్గుతూ వచ్చాయి, ఇసుక నల్లబడుతూ వచ్చింది.

ఇవాళ పొద్దుటి నుంచి చెవి ఒగ్గి కూర్చున్నాను. ఒక్కటి కూడా పేలలేదు. పేలవలసినవన్నీ పేలిపోయినట్టున్నాయి. నేనే మూత మీద రెండు కొట్టి చూశాను. పిల్ల రాయడం ఆపి నా మొహం చూసింది.

కేకు దించి పెట్టాను. అరచెయ్యి గిన్నె మీద ఆనించి కూర్చున్నాను. చురుక్కుమనడం మానింది, గోరువెచ్చనయింది, చల్లబడింది. హారన్ కొట్టేవాళ్లు లేరు, పెట్టెలెత్తేవాళ్లు లేరు, ఎంతసేపైనా కూర్చోవచ్చు. బోర్లించాను. ఎక్కడా చెదరకుండా, గుండ్రంగా, మొత్తం వచ్చేసింది. ఏటా ఇలాగే వస్తుంది.