బూట్లిప్పని మనిషి

రెండో ప్రపంచ యుద్ధానికి ముందటి మాట. కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్న మనిషి, బొంబాయిలో ఓడెక్కి, అందులో బట్టలుతికే పని చేసి వస్తున్నాడు. కాళ్లకు నల్ల బూట్లున్నాయి. పేరు అడగలేదు.

"ఓడల నాచ్ చేసే హాలున్నది, కితాబులు చదివే హాలున్నది, ఈత కొట్టనీకి నీళ్ల హౌజ్ గూడ ఉన్నదవ్వా," అని ముందు సీటులోని ముసలావిడతో చెప్పాడు.

"సముద్రం మీద పోతూ మళ్ల హౌజెందుకు బిడ్డా? గా నీళ్లు సాల్తలేవా?"

బస్సంతా నవ్వింది.

"పనోళ్లను ఆ దిక్కు రానియ్యరు. నౌకరీ ఇడిసిన రోజు బూట్లేసుకొని అన్ని హాళ్లు తిరిగిన. తెల్ల దొరసానులు గుర్రుగ చూసిన్రు. చూడనీ అనుకున్న."

కోటలాంటి దొర గడి ఉన్న ఊళ్లో అతనూ అవ్వా దిగారు; బస్సు అక్కడే ఆగి ఉండటంతో నేను కిటికీలోంచి చూస్తున్నాను. గడి ముందు నుంచి పోయే రైతుకూలీలు చెప్పులు చేత పట్టుకోవాలని అక్కడి కట్టుబాటు. అవ్వ తన చెప్పులు విడిచి చేతిలోకి తీసుకుంది.

"బూట్లిప్పు బిడ్డా. దొర జూస్తే కట్టేసి కొట్టిస్తడు."

"గంత పెద్ద ఓడలనే ఇప్పలే. గీ గడి ముంగట ఇప్పుతనా?"

నడిరోడ్డు మీద టకటకా నడిచాడు. గడి అరుగు మీది మనుషులు లేచి నిలబడ్డారు. అతను ఆగలేదు.

అవ్వ కాసేపు చూసి, చెప్పులు కింద పడేసి కాళ్లు దూర్చింది.

"ఎండకు కాళ్లు గాలుతున్నయ్," అని గడి వైపు తిరిగి గట్టిగానే అన్నది.