డాక్టరుగారి రక్తం

నిన్న మనవరాలి మోకాటి గాయానికి స్పిరిట్ దూది అద్దుతుంటే, ఆ చల్లని ఘాటుకి వెంకటసామి డాక్టరుగారు గుర్తొచ్చారు. మా ద్వీపానికి స్వాతంత్ర్యం రావడానికి కొన్నేళ్ల ముందు, క్యూర్‌పైప్ పట్నం దగ్గర ఊపిరితిత్తుల ఆసుపత్రిలో ఆయన పెద్ద డాక్టరు. షెమాన్ గ్రెనియే పల్లె చెరకు పొలాల మధ్య నుంచి వచ్చిన నన్ను రక్తపరీక్షల గదిలో పెట్టుకుని పని నేర్పారు. రక్తాన్ని సన్నని గాజు గొట్టంలో నింపి నిలబెడితే ఎర్రకణాలు మెల్లగా అడుగుకు దిగుతాయి, పైన లేతపసుపు నీరు తేలుతుంది. “జబ్బు పేరు ఇది చెప్పదమ్మా. లోపల నిప్పు రగులుతోందో, చల్లారుతోందో చెబుతుంది. త్వరగా దిగిందంటే ముప్పు ముందుంది,” అనేవారు. దగ్గు తగ్గి, ఒళ్లు చేసి, నవ్వుతూ తిరిగే మనిషి మళ్లీ మంచం పడతాడని ఆ గొట్టం ముందే చెప్పడం ఎన్నోసార్లు చూశాను.

నువెల్ ఫ్రాన్స్ ఊరి నుంచి వచ్చిన రామయ్య తాత భజనలు పాడించే పెద్దాయన. క్షయతో నెలల తరబడి మా వార్డులో ఉన్నాడు. కాస్త ఆకలి పుట్టగానే మూట కట్టుకున్నాడు. “మో బ్యేఁ, డాక్టర్! బాగున్నాను. ఇంటికి పోతాను.” రక్తం ఇంకా త్వరగానే దిగుతోందని డాక్టరుగారు చెప్పినా నమ్మలేదు. “అందరి రక్తమూ దిగుతుంది. మీది దిగదా?” అన్నాడు.

డాక్టరుగారికి కోపం రాలేదు. “నిజమే తాతా, చూద్దాం,” అని చొక్కా చెయ్యి మడిచి నా ముందు చాచారు. ఇద్దరి రక్తమూ తీసి రెండు గొట్టాలు పక్కపక్కన నిలబెట్టాను. ఆయన తాతను కుర్చీలో కూర్చోబెట్టి, తానూ పక్కనే కూర్చుని, భజనల కబుర్లు చెప్పించుకున్నారు. గంట గడిచాక గొట్టాలు చూశాను. డాక్టరుగారి రక్తం తాత రక్తం కంటే ఎక్కువ దిగింది.

“చదువమ్మా,” అన్నారు. నేను గొట్టం మీది గీతలు రెండోసారి లెక్కపెట్టాను.

“నాదని తగ్గించి చెప్పకు.”

చెప్పాను. కొన్నాళ్లుగా తనకు సాయంత్రాలు వస్తున్న దగ్గును ఆయన అలసట అనుకున్నారట. తర్వాత తాత వైపు తిరిగి, “మీ పక్క మంచం ఖాళీయేనా?” అని అడిగారు. తాత మూట విప్పాడు.

ఎక్స్‌రే, కఫం పరీక్ష ఆయనకూ క్షయే అని తేల్చాయి. అదే వార్డు, అవే సూదులు, అవే మాత్రలు. పొద్దున్నే తాత రామనామం ఎత్తుకుంటే ఆయన మంచం మీంచే గొంతు కలిపేవారు. నెలనెలా ఇద్దరి రక్తమూ నేనే తీశాను. దిగే వేగం తగ్గుతూ వచ్చింది. ముందు తాత ఇంటికి వెళ్లాడు. దేశం తన జెండా ఎగరేసుకునే నాటికి డాక్టరుగారు తెల్లకోటు తొడుక్కుని మళ్లీ మా గదిలో ఉన్నారు.

ఉద్యోగం మానేసి చాలా కాలమైంది. అయినా ఊళ్లో ఎవరింట్లో జబ్బు చేసినా నన్ను పిలుస్తారు. గుమ్మంలో నిలబడి పలకరించడం నాకు చేతకాదు. ఆ రోజు డాక్టరుగారు తాత పక్కన కూర్చున్నట్టే, కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంటాను. వాళ్ల ఏడుపు ఆగేదాకా లేవను.