పిడికిలికి ఆశ ఉండాది

తెలిసీ చెప్పకపోతే అది తప్పా? ఇరవై ఏళ్లకు పైగా ఈ ప్రశ్నను మోస్తున్నాను. పోయిన గురువారం మా బంగారు గనుల ఊరు ఊరిగాం నుంచి అమ్మ ఫోన్ చేసి, "శాంపిల్ పెదనాయన పోయినాడమ్మా" అన్నప్పుడు కన్నీళ్ల కన్నా ముందు అదే గుర్తొచ్చింది. ఇక అడగడానికి ఆయన లేడు.

ఆయన మా పక్కింటి మనిషి. గనిలో రాతిగోడల నుంచి నమూనాలు తీసి, సంచుల్లో కట్టి, చీటీ వేసి, బంగారం ఎంతుందో తేల్చే పరీక్షకు పంపడం ఆయన పని. అందుకే మా గని కార్మికుల లైన్ ఇళ్ల పిల్లలందరికీ ఆయన శాంపిల్ పెదనాయన. రాయి మెరిసిన చోట కొట్టకూడదట, గోడను ఈ చివర నుంచి ఆ చివరదాకా సమానంగా చెక్కాలట. చెక్కింది పొడిచేసి, కుప్పపోసి, నాలుగు పాళ్లు చేసి, ఎదురెదురుగా ఉన్న రెండు పాళ్లు ఉంచుకుని మిగతావి పక్కకు నెట్టాలట. గని మూతపడినా ఆ అలవాటు పోలేదు. సాయంత్రం అరుగు మీద ఉడికిన చెనక్కాయల్ని పళ్లెంలో కుప్పపోసి, అరచేతి అంచుతో అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి గీసేవాడు. ఎదురెదురు పాళ్లు రెండు నాకు, రెండు మా తమ్ముడికి.

"ఎందుకు పెదనాయనా ఇంత కత? పిడికెడు ఎత్తి ఇస్తే పోలా?" అన్నానొకసారి.

"పిడికిలికి ఆశ ఉండాదమ్మా. లావు కాయల్నే ఎతుకుతాది."

ఎంబీఏ చదివే రోజుల్లో ఒక కంపెనీ మీద నేను రాసిన మొదటి రిపోర్టును ఆయనకు తెలుగులో విడమరిచి చెప్పాను. చాలా గొప్ప కంపెనీ అన్నాను. అంతా విని ఒకటే అడిగాడు.

"యాడ తీసినావు?"

కంపెనీ వాళ్ల పుస్తకంలో, బొమ్మలున్న ముందు పేజీల్లో అని చెప్పాను.

"మెరిసే చోటే కొట్టినావు. ఎనక్కి పో."

వెనక పేజీల్లో, సన్నటి అక్షరాల్లో అప్పులూ నష్టాలూ; అక్కడున్నది వేరే కంపెనీ. తర్వాత బెంగళూరులో ఫైనాన్షియల్ అనలిస్టునయ్యాక ఎందరు పెద్దల పాఠాలు విన్నా, ఆ రెండు మాటలు దాటి పోయినవి తక్కువ. ఇంగ్లీషు పేపరు కూడబలుక్కుని చదివే మనిషి ఆ మాటలెలా చెప్పగలిగాడో ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే.

గని మూతపడక ముందు నాన్నకు బెంగళూరులో ఒక వర్క్‌షాపులో పని దొరికింది. పోవాలో వద్దో తేలక పిట్టగోడ మీదుగా ఆయన్ని అడిగాడు.

"అన్నా, నీ సంచిలో రాయి ఏం చెప్తా ఉండాది?"

"సంచి కట్టి చీటీ వేసినాక అది నాది కాదు తమ్ముడా."

నాన్న పోలేదు. గని మూతపడింది. ఆ తర్వాత రెండేళ్లు నాన్న ఆయనతో మాట్లాడలేదు. "తెలిసీ చెప్పలా" అనేవాడు, అంతే.

చాలా ఏళ్లకు పెదనాయన భార్య, మా పెద్దమ్మ, చెప్పింది, అదే వర్క్‌షాపు వాళ్లు ఆయన్నీ పిలిచారని. "పోదాం పదయ్యా అంటే, ఊరికి చెప్పరానిది నాకొక్కడికి ఎట్ల పనికొస్తాది అన్నాడమ్మా. ఇంగేముంది, అందరితో పాటే మునిగినాం." గని మూతపడ్డాక ఆయన ఆండర్సన్‌పేటలో ఒక అంగడి ముందు స్టూలు మీద కాపలా కూర్చున్నాడు.

మూడేళ్ల కిందట మా తమ్ముడు పనిచేసే కంపెనీ ఫైలు నా బల్ల మీదికి వచ్చింది. లోపల బాగాలేదు. బయట చెప్పకూడదన్నది మా ఉద్యోగంలో మొదటి నియమం. ఆ వారంలోనే వాడు ఫోన్ చేశాడు. "అక్కా, వేరే చోట పిలుస్తా ఉండారు. పోయేదా, ఈడే ఉండేదా?"

"నీ ఇష్టంరా" అన్నాను.

వాడు ఉండిపోయాడు. ఏడాది తిరక్కుండా ఉద్యోగం పోయింది. నాకు ముందే తెలుసని వాడికి ఇది చదివితేనే తెలుస్తుంది. పెదనాయన చెప్పకుండా అందరితో పాటు మునిగాడు. నేను చెప్పకుండా నా కుర్చీలో నేనున్నాను. రెండూ ఒకటేనని నాకు నేను చెప్పుకోలేను. చెప్పి ఉండాల్సిందనీ అనుకోలేను.

ఊరికి పోయి, పెదనాయన్ని మట్టిచేసి సమాధితోట నుంచి తిరిగొచ్చాక పెద్దమ్మ అరుగు మీద చెనక్కాయల పళ్లెం పెట్టింది. మాట్లాడుతూనే అరచేతి అంచుతో అడ్డంగా, నిలువుగా గీసి, రెండు పాళ్లు నా వైపు తోసింది. మిగతా రెండూ పళ్లెంలో ఎదురెదురుగా అలాగే ఉన్నాయి. తమ్ముడు గేటు తీసుకుని వస్తున్నాడు. అది తప్పో కాదో నాకింకా తేలలేదు.