వాలున్న చోటే ఆగే లారీ

బర్మా కొండల్లో మా కలో ఊరి రోడ్డు మీద డ్రైవరు ఫో లోన్ లారీ ఎక్కడ ఆగి ఉందో చూస్తే చాలు, నేల ఎటు వాలుగా ఉందో చెప్పేయొచ్చు. యుద్ధం ముగిశాక సైన్యం వదిలేసి పోయిన లారీ అది. దాని డైనమో ఏనాడూ బ్యాటరీకి కడుపునిండా పెట్టిన పాపాన పోలేదు. తాళం తిప్పితే లోపలెవరో ముసలాయన మూలిగినట్టు చిన్న చప్పుడు, అంతే. ముందువైపు హ్యాండిల్ పెట్టి తిప్పబోతే ఒకసారి అది ఎదురుతన్ని మణికట్టు విరగ్గొట్టింది. అప్పట్నుంచీ ఆయన వాలునే నమ్ముకున్నాడు. దిగుడు మీద ఆపడం, చక్రం కింద రాయి పెట్టడం, బయల్దేరేటప్పుడు ఎవరిచేతనైనా రాయి తీయించుకుని, లారీ దొర్లుతుండగా గేరు వేసి ఇంజన్ని నిద్ర లేపడం.

అద్దె ఇల్లు కూడా వాలు చూసే తీసుకున్నాడు. ఆ వంటింట్లో గుండ్రటి కూరగాయ ఏదీ కింద పెట్టడానికి లేదు. పెళ్ళికి పిలిస్తే పెళ్ళికూతురు ఎవరని అడగడు, మంటపం ముందు నేల ఎలా ఉంటుందని అడుగుతాడు.

పక్క ఊరు ఆంగ్‌బాన్ నుంచి క్యాబేజీ వేసుకొస్తూ రోజూ డో న్యో టీకొట్టు ముందు ఆగేవాడు. భర్త పోయాక ఆమె ఒక్కతే నడుపుకుంటున్న కొట్టు అది. పెద్దావిడని పిలిచినట్టు ఊరంతా డో న్యో అంటుంది, ఆయనొక్కడే చిన్నదాన్ని పిలిచినట్టు మ న్యో అంటాడు. మొదటి ఏడాదే ఆమె అడిగింది.

"దారి పొడుగునా ఇన్ని కొట్లుండగా రోజూ ఇక్కడే ఆగుతారేం?"

"నీ కొట్టు ముందు వాలు బాగుంటుంది, మ న్యో."

ఆ తర్వాత పంతొమ్మిదేళ్ళు గడిచినా ఆ మాటకి ఇంకో మాట కలపలేకపోయాడు. కలపాలని ఉందని రోడ్డంతా తెలుసు. టీ తాగి, లారీ ఎక్కి, కిటికీలోంచి "రాయి, మ న్యో" అనేవాడు. ఆమె గరిటె పక్కన పెట్టి వచ్చి రాయి లాగేది. వాళ్ళిద్దరి సంసారమంతా ఆ రాయే.

ఆ చలికాలం పొగమంచులో లైట్లు కొడిగట్టి లారీ నడిదారిలో నిలిచిపోయింది. క్యాబేజీ కుళ్ళింది. "ఛార్జింగు సంగతి తేల్చుకో, లేదంటే సరుకు వేరే లారీకి ఎక్కిస్తా" అన్నాడు షావుకారు. ఫో లోన్ ఉసూరుమంటూ మెకానిక్ కో తున్ దగ్గరికి వెళ్ళాడు.

"డైనమో పీకేసి ఆల్టర్నేటర్ బిగిస్తా, బాబాయ్. జపాను కారుది, తుక్కులో దొరికింది. ఇంజన్ ఊరికే తిరుగుతున్నా ఛార్జవుతుంది. ఇక చదునులోనూ స్టార్టవుతుంది."

"ఎంత చదునులో?"

"ఫుట్‌బాల్ మైదానంలో పెట్టుకో."

ఫో లోన్ మొహం వాడిపోయింది. "కాస్త తక్కువ ఛార్జయ్యేలా చేయలేవా?"

"ఇన్నేళ్ళూ అలాగే అయిందిగా. దానికి నేనెందుకు?"

విరిగిన స్ప్రింగు పట్టీని కోసి ఆల్టర్నేటర్ బిగించే క్లాంపు చేశాడు కో తున్. బెల్టు వంకర రాకుండా మూడుసార్లు విప్పి బిగించాడు. ఆరు వోల్టుల బ్యాటరీ, బల్బులు తీసి పన్నెండు వోల్టులవి పెట్టాడు. తాళం తిప్పగానే ఇంజన్ భగ్గుమని లేచింది. ఏళ్ళ తరబడి మైనస్ వైపే పడుకున్న మీటరు ముల్లు ప్లస్ వైపు నిక్కింది. షెడ్డులో అందరూ చప్పట్లు కొట్టారు, ఫో లోన్ తప్ప.

మర్నాడు ఆ కబురు లారీ కన్నా ముందే టీకొట్టు చేరింది. ఎన్నడూ లేనిది బల్లలన్నీ నిండాయి. నేనూ ఓ మూల కూర్చున్నాను, పుస్తకం ఒకే పేజీ దగ్గర తెరుచుకుని. లారీ వచ్చింది. ఎప్పటి చోటే, ఎప్పటి దిగుడు మీదే ఆగింది. ఫో లోన్ దిగి చక్రం కింద రాయి పెట్టి వచ్చి కూర్చున్నాడు.

డో న్యో టీ తెచ్చింది. "చదునులోనూ స్టార్టవుతోందటగా?"

"అంటున్నారు."

"అయితే ఇక్కడెందుకు ఆగడం? ఆంగ్‌బాన్ కొట్లో పాలు చిక్కగా పోస్తారు."

"పోస్తారు," అని ఒప్పుకున్నాడు పాపం. మా బల్ల దగ్గర ఎవరో నెత్తి కొట్టుకున్నారు.

టీ అయిపోయింది. ఆయన లారీ ఎక్కాడు. తాళం ముట్టుకోలేదు. కిటికీలోంచి తల బయటపెట్టి, "రాయి, మ న్యో" అన్నాడు.

"తాళం తిప్పుకోవచ్చుగా."

"కొత్త మెషీను. నమ్మలేం."

"ఎన్నాళ్ళు నమ్మరు?"

ఆయన స్టీరింగు వైపు చూశాడు, రోడ్డు వైపు చూశాడు. చివరికి, "రాయి తీసే మనిషి ఉన్నన్నాళ్ళూ," అన్నాడు.

డో న్యో చేతులు తుడుచుకుని లారీ దాకా నడిచింది. రాయి వైపు చూసి, దాన్ని కాలితో చక్రం కిందికి ఇంకాస్త నెట్టింది.

"అయితే ఇవాళ తీయను. దిగి ఇంకో టీ తాగండి."

మధ్యాహ్నమైనా క్యాబేజీ రాకపోయేసరికి షావుకారు కో తున్ మీద విరుచుకుపడ్డాడట. "ఇదేనా నువ్వు బాగుచేసింది?" కో తున్ పానాలు పట్టుకుని పరుగున వచ్చాడు. లారీ ఎక్కి తాళం తిప్పితే ఒక్క దెబ్బకి స్టార్టయింది. ఏమీ అర్థంకాక బయటికి తొంగిచూశాడు.

కొట్టు లోపల్నుంచి డో న్యో గొంతు వినిపించింది.

"ఇంజన్ కట్టేయ్ నాయనా. ఆయన ఇంకా తినలేదు."