నిసోబీబీ తందూరు

యగ్నోబ్ లోయలో హెలికాప్టర్లు దిగిన ఏడు నిసోబీబీకి ఇరవై మూడేళ్ళు. "ఈ కొండల్లో మీకేం బతుకుంది? మైదానంలో పత్తి పండిద్దురుగాని, రండి" అన్నారు దిగిన సర్కారువాళ్ళు. రామని మొండికేసినవాళ్ళనూ బలవంతంగా ఎక్కించారు. బట్టల మూటలకే చోటు చాల్లేదు. రొట్టెలు కాల్చుకునే, నేలలో పాతిన తందూరు సంగతి ఎవరడుగుతారు?

మైదానంలో ఎండ నిప్పులు చెరిగింది. మంచు నీళ్ళకు అలవాటుపడ్డ ఒళ్ళు కాలవ నీళ్ళకు తట్టుకోలేకపోయింది. వారం తిరక్కుండా ఏదో ఒక ఇంట్లో ఏడుపులు. ఇచ్చిన కొత్త ఇంట్లో తందూరు లేదు. అత్త మాహ్‌బేగిం బజారు రొట్టెను అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది నాన్ రొట్టెా, సబ్బుబిళ్ళా? నురగొక్కటే తక్కువ" అంది.

నిసోబీబీ పెరట్లో మట్టి తొక్కి తందూరు కట్టింది. ఆరగానే పగిలింది. మళ్ళీ కట్టింది. అదీ పగిలింది.

"నీ చేతిలో లోపం లేదే పిల్లా, ఈ మట్టి నిండా ఉప్పే" అంది అత్త.

మూడోది నిలిచింది. అప్పటికి అత్త లేదు. నాలుగు రోజుల జ్వరం ఆమెను పట్టుకుపోయింది.

పదమూడేళ్ళకు, కొండలకు తిరిగి వెళ్ళకూడదన్న కట్టడి కాస్త సడలింది. భర్త నజర్‌షో ఒక రోజు అడిగాడు, "మనూరు వెళ్ళిపోదామా?"

"అత్తను ఇక్కడ ఒంటరిగా వదిలేసా?"

మర్నాడు నిసోబీబీ ఒక్కతే అత్త సమాధి దగ్గరికెళ్ళి మధ్యాహ్నం దాకా కూర్చుంది. తిరిగొచ్చి, "గాడిదలకు జీను వెయ్యి" అంది.

ఊరు చేరేసరికి ఇంటి కప్పు కూలి ఉంది. తందూరు నిండా రాళ్ళూ మట్టీ.

"ముందు కప్పు వేసుకుందామే, చలి ముంచుకొస్తోంది" అన్నాడు నజర్‌షో.

"కప్పు లేకపోతే దుప్పటి కప్పుకుంటాం. నాన్ లేకపోతే ఏం కప్పుకుంటావు?"

రెండు రోజులు తవ్వి శుభ్రం చేసింది. మట్టిలో మేక వెంట్రుకలు కలిపి పగుళ్ళు పూడ్చింది. పిడకలు పేర్చి సన్నని సెగ పెట్టింది. మొదటి నాన్ తందూరు లోపలి గోడకు అంటుకోక జారి బూడిదలో పడింది. రెండోదీ అంతే. బూడిద దులిపి పక్కన పెట్టింది. ఇంకో రెండు పిడకలు వేసి, గోడలు తెల్లబడేదాకా ఆగి, పిండి వెనకవైపు నీళ్ళు రాసి గట్టిగా చరిచింది. ఈసారి పట్టుకుంది.

తల్లిని పాతిపెట్టిన రోజు కూడా కంట తడిపెట్టని నజర్‌షో ఆ వేడి నాన్‌ను మొహానికి ఆనించుకుని భోరుమన్నాడు.

"కాల్తుందయ్యా!" అంటూ నిసోబీబీ మొహం అటు తిప్పుకుంది.

మరుసటి వేసవికి ఇంకో రెండు కుటుంబాలు వచ్చాయి. వాళ్ళ తందూర్లు పూర్తిగా శిథిలమైపోయాయి. రోజూ నిసోబీబీ తందూరు దగ్గర వాయి కోసం గొడవే.

"నీ నాన్లు కాలేసరికి మా పిల్లలకు గడ్డాలొస్తాయి!"

"వస్తే గొరిగించు. నా వాయి అయ్యాకే నీది!" అనేది నిసోబీబీ.

ఆ ఏటి చలికాలమంతా మూడిళ్ళ నానూ ఆ ఒక్క తందూరులోనే కాలింది.